ఆరో స్లయిడు

సుగుణ కనిపించడం లేదు.

ఆ మాట చెప్పుకోవడానికి ఆమె భర్త సాంబయ్య గురువారం పొద్దున్నే వచ్చి హనుమకొండ సైబర్ సెల్ మెట్ల మీద కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ సారంగపాణి వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది.

"మిస్సింగ్ కేసులు ఇక్కడ తీసుకోం. మీ లోకల్ స్టేషన్‌కు పో."

"ఆడికే పోయిన సార్. ఫోన్ల సంగతి ఉన్నది, మీ దగ్గరికే పొమ్మన్నరు."

సారంగపాణికి ఒళ్ళు మండింది. ఫోను అన్న మాట చెవిన పడితే చాలు, ప్రతి స్టేషనూ తన నెత్తి మీది బరువు తెచ్చి ఈ ఆఫీసులో దించుతుంది. అయినా ఎదురుగా నిలబడ్డ మనిషి కళ్ళు రాత్రంతా నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. కుర్చీ చూపించాడు.

"ఏం ఫోన్ల సంగతి?"

సాంబయ్య ఒక ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అది సుగుణది. ఇంట్లోనే వదిలేసి వెళ్ళింది.

వాళ్ళ ఊరి వాట్సాప్ గ్రూపు. సోమవారం సాయంత్రం ఏడు నలభై. ఒక ఫొటో.

ఆడమనిషి ముంజేయి. చర్మం మీద తెల్లగా పాలిపోయిన మచ్చ. మచ్చ పక్కనే పచ్చబొట్టు. ఒక చిన్న పువ్వు, దాని కింద 'సాంబయ్య' అన్న పేరు.

ఫొటో కింద ఒక మెసేజ్. 'మన బడిల పిల్లలకు అన్నం వండే చెయ్యి ఇదే. సూసుకోండ్రి.'

"మీ ఆమె చెయ్యేనా?"

"అవు సార్. నా పేరే ఉన్నది కద."

"ఏం మచ్చ అది?"

సాంబయ్య వెనక్కి తిరిగి చూశాడు. గదిలో హెడ్ కానిస్టేబుల్ సౌమ్య తప్ప ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు.

"కుష్టు. తగ్గింది సార్. మందులు మొత్తం వాడింది, అయిపోయి ఏడాది దాటింది. ఎవ్వలికి అంటది అని డాక్టరమ్మ గూడ చెప్పలే, అంటదనే చెప్పింది."

"అంటదా?"

"అంటుకోదు సార్, అంటుకోదు. తొందరల తప్పు మాట్లాడిన. మొన్నటి దాక ఊర్ల ఎవ్వలికి తెల్వకుండె ఈ ముచ్చట. నాకు, ఆమెకు, డాక్టరమ్మకు. అంతే."

వాళ్ళది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పల్లె. సుగుణ అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఫొటో వచ్చిన మర్నాడు సగం మంది పిల్లలు ఇంటి నుంచి టిఫిన్ బాక్సులు తెచ్చుకున్నారు. బుధవారం ఒక్కరు కూడా పళ్ళెం పట్టలేదు. వండిన అన్నమంతా గిన్నెలోనే ఉండిపోయింది. కొన్ని రోజులు రావద్దమ్మా అన్నాడు హెడ్మాస్టర్. సోమవారం నుంచి ఇంకో మనిషిని చూసుకుంటాను, తల్లిదండ్రులు నా మీదికి వస్తున్నారు అన్నాడు. ఆమె ఇంటికి వచ్చింది. ఫోను గూట్లో పెట్టింది. వెళ్ళిపోయింది.

"చుట్టాల ఇండ్లు చూసినవా?"

"కొత్తవాడల మా వదిన చిలుకమ్మ ఉంటది సార్. సుగుణకు సొంత అక్క. రాత్రే ఫోన్ చేసిన. రాలేదన్నది."

"ఇంకేమన్నది?"

"ఏమనలే. సరే అని పెట్టేసింది."

సారంగపాణి లేచాడు.

"సౌమ్యా, జీపు తియ్యమను. కొత్తవాడ పోదాం."

"వాళ్ళ అక్క రాలేదన్నది కద సార్?"

"చెల్లె కనిపిస్తలేదు అంటే, ఎప్పటి నుంచి, ఏమైంది అని అడగని అక్క ఉంటదా? అడగలేదంటే ఆమెకు తెలుసన్నట్టు."

*

చిలుకమ్మ మగ్గం మీద జంపఖానా నేస్తోంది. పోలీసులను చూసి చెయ్యి ఆపింది. వాళ్ళ వెనకే వచ్చిన మరిదిని చూసి తల దించుకుంది.

"అక్కా, లోపలున్నదా?" అని సౌమ్య నెమ్మదిగా అడిగింది.

చిలుకమ్మ మళ్ళీ మగ్గం అందుకుంది. కానీ లోపలి గది తలుపు తెరుచుకుంది.

సుగుణకు నలభై లోపే ఉంటాయి. జాకెట్ చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. సాంబయ్య ఆమెను చూడగానే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె అతని దగ్గరకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. తరవాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"నేను సావను సార్. మీరు ఫికర్ పడకుర్రి. కని ఊరికైతే రాను."

"ఎన్ని రోజులు రావమ్మా?"

"ముందుగాల గా ఫొటో బయటికి ఇచ్చినోళ్ళు ఎవ్వలో చెప్పుండ్రి. గ్రూపుల పెట్టింది మా ఊరి సదానందం, అది నాకు ఎరుకే. వాని చేతికి ఎట్ల పోయింది? ఆ ఫొటో డాక్టరమ్మ తీసింది. డాక్టర్ల మీటింగుల చూపిస్త, మొఖం రానియ్య, చెయ్యి ఒక్కటే అన్నది. సరే అన్న. ఎంతోమందికి పనికొస్తది అంటే ఒప్పుకున్న."

"డాక్టరమ్మ మీద అనుమానం ఉన్నదా?"

సుగుణ ముఖం కోపంతో ఎర్రబడింది.

"ఏం మాట సార్ అది! నా చెయ్యి పట్టుకొని చూసిన మొదటి మనిషి ఆమె. నాకే నా చెయ్యి అంటే అసహ్యం పుట్టిన దినాలల్ల ఆమె పట్టుకున్నది. ఆమెను అంటే మంచిగుండదు."

ఆమె గడప మీద కూర్చుంది.

"సోమవారం సంది నా పొయ్యి ఇంకొకళ్ళకు ఇస్తరట," అంది సుగుణ. "ఆ పని పోతే పోయిందనుకుంట. కని ఆ ముచ్చట మీద పోతే, రేపు కూలికి గూడ ఎవ్వలు పిలువరు. పత్తి ఏరనీకి గూడ నా పక్క సాలుల ఎవ్వలు నిలబడరు. ఇగ నేను యాడ బతకాలె సార్?"

సారంగపాణి సోమవారం దాకా లెక్క వేసుకున్నాడు. నాలుగు రోజులుంది. ఆలోగా తేల్చాలి.

*

డాక్టర్ స్నేహలత క్లినిక్‌లో పేషెంట్లు వరండా దాకా ఉన్నారు. ఆమె వాళ్ళను ఆపించి పోలీసులను లోపలికి పిలిచింది. టేబుల్ మీద అప్పటికే టైపు చేసిన ఫిర్యాదు ఉంది. మంగళవారం సాంబయ్య ఫోన్ చేసిన దగ్గర నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు.

"ఇది క్రైమ్ సార్. మామూలు మ్యానర్స్ లేకపోవడం కాదు, క్రైమ్. ఆదివారం హోటల్లో మా స్కిన్ డాక్టర్ల కాన్ఫరెన్స్ జరిగింది. ప్రతి స్లయిడు మూలన కెమెరా బొమ్మ మీద అడ్డగీత పెట్టిన. మొదలుపెట్టే ముందే మైకులో చెప్పిన. దయచేసి ఎవరూ ఫొటో తీయొద్దు, ట్వీట్ చెయ్యొద్దు, గ్రూపుల్లో పెట్టొద్దు, ఇది ఒక మనిషి జీవితం అని చెప్పిన."

"ఈ ఫొటో ఏ స్లయిడు?"

"ఆరోది."

"మొఖం దాచిన్రు. పచ్చబొట్టు ఎందుకు దాచలేదు మేడం?"

ఆమె మాట తడబడింది. "పేరు మచ్చ అంచు మీదే ఉంది. బ్లర్ చేస్తే అంచు కనబడదు. డాక్టర్లకు కావల్సింది ఆ అంచే. హాల్లో ఉన్నది డాక్టర్లే కదా, బయటికి పోదు కదా అనుకున్న."

సౌమ్య రాసుకుంది.

"మీకెవరి మీద అనుమానం?"

ఆలోచించాల్సిన పని లేనట్టు చెప్పింది. "ముగ్గురి మీద. మొదటిది డాక్టర్ హరికృష్ణ. ముందు వరసలో ఫోను పట్టుకునే కూర్చుంటడు. స్పీకర్ నోరు తెరవకముందే పోస్టు పెడతడు. రెండోది మధు, మెడికల్ రిప్రజెంటేటివ్. స్లయిడ్లన్నీ ఫొటోలు తీసి వాళ్ళ కంపెనీ గ్రూపుకు పంపుతడు. మూడోది రాంప్రసాద్, ఆర్గనైజింగ్ సెక్రటరీ. నా పీపీటీ ఆయన లాప్‌టాప్‌లోనే ఉంది."

"హాల్లో లైట్లు?"

"మాట్లాడేటప్పుడు ఆర్పేసిన్రు. ఎప్పుడూ అంతే."

*

డాక్టర్ హరికృష్ణ నొచ్చుకున్నాడు.

"నా పోస్టులు మొత్తం చూసుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ. దాచుకోవడానికి నాకేముంది?"

చూశారు. పొద్దున టిఫిన్ దగ్గర నుంచి సాయంత్రం వందన సమర్పణ దాకా ఆయన వదలనిది లేదు. ఉప్మా ఫొటో కూడా ఉంది. స్నేహలత ప్రసంగం దగ్గర మాత్రం ఒకే ఒక్క ముక్క. 'డాక్టర్ స్నేహలత గారి అద్భుత ప్రసంగం నడుస్తోంది. స్లయిడ్లు వద్దన్నారు, కనుక పెట్టడం లేదు. మర్యాద మర్యాదే.'

"నాకు లైకులంటే ఇష్టమే," అన్నాడాయన. "కానీ వద్దన్నాక పెట్టను. నిజానికి ఆ ఆరో స్లయిడు మీద నాకే డౌటు వచ్చింది. ప్రశ్నలు అడిగే టైములో మళ్ళీ ఒకసారి వెనక్కి వెళ్ళి చూపించమన్నాను. చూపించింది. జవాబు చెబుతుంటే టైమైందని బెల్లు కొట్టేశారు. అప్పుడు కూడా నా ఫోను జేబులోనే ఉంది."

మధు రోడ్డు పక్కన బైకు ఆపి గ్యాలరీ తెరిచి చూపించాడు. స్నేహలతకు ముందు మాట్లాడిన డాక్టరు స్లయిడ్లు వరసగా ఉన్నాయి. తరవాత మాట్లాడినాయనవీ ఉన్నాయి. నడుమ ఖాళీ.

"మేడం వద్దన్నది సార్. ఆ మేడంకు కోపమొస్తే నా మందు రాయదు. రాయకపోతే నా నౌకరి ఉంటదా? నేనెందుకు తీస్త?"

"ఆమె మాట్లాడేటప్పుడు ఫోను పట్టుకోనే లేదా?"

"నా ఫోన్ అయితే పట్టుకోలే సార్."

సారంగపాణి అప్పటికే ఇంకో ప్రశ్న మీద ఉన్నాడు. ఆ జవాబును సరిగా వినలేదు. తరవాత దానికి తనను తానే తిట్టుకున్నాడు.

రాంప్రసాద్ లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ప్రోగ్రాం అయిపోంగనే మేడం ముందలనే పీపీటీ డిలీట్ చేసిన. అయినా సార్, నా దగ్గర ఉన్నది ఒరిజినల్ ఫైలు. అండ్లకెల్లి తీస్తే బొమ్మ అద్దం తీరు ఉంటది. ఇది చూడుండ్రి, ఎట్ల ఒంకరగ, ఎలిసిపోయి ఉన్నదో. ఇది తెరను ఫోన్‌తోని కొట్టిన ఫొటో."

అది నిజమే. తెరను ఎవరో వాలుగా తీశారు. ఫొటో ఎడమ అంచున ముదురు ఎరుపు మరక లాంటిది ఉంది. వేలు అడ్డం వచ్చి ఉంటుందనుకున్నాడు సారంగపాణి.

"మీ ఫొటోగ్రాఫరో?"

"ఫ్లాష్ కొడితే తెర మీద బొమ్మ రాదు సార్. ఆయన ఫొటోలల్ల తెర తెల్లగ బట్ట పరిచినట్టు ఉన్నది." అవి కూడా చూపించాడు.

ఇంత మర్యాదస్తుల మధ్య సారంగపాణి ఎన్నడూ చిక్కుకోలేదు. దొంగలతో వేగడం తేలిక. ఇక్కడ ఎవరిని కదిలించినా వద్దంటే మానేశానంటాడు, రుజువు కూడా చూపిస్తాడు. మరి ఆ ఫొటో తనంతట తనే హోటల్లోంచి నడిచి ఘన్‌పూర్ వెళ్ళిందా?

*

మిగిలింది సదానందం. ఒకప్పుడు వార్డు మెంబరు. ఇప్పుడు ఊరి గ్రూపుకు అడ్మిన్. రెండు పదవుల్లో దేన్ని ఎక్కువ అనుభవించాడో చెప్పడం కష్టం.

"నేను పుట్టియ్యలే సార్. ఎవ్వలో పంపిన్రు, నేను ఫార్వర్డ్ చేసిన. అంతే."

"ఎవరు పంపిన్రు?"

"యాదికి లేదు."

"ఏ గ్రూపుల వచ్చింది?"

"శాన గ్రూపులున్నయ్ సార్. డిలీట్ అయింది."

"పిల్లల మంచి కోసమే పెట్టినవా?"

"మరి! పిల్లల పాణం కద సార్."

సారంగపాణి సుగుణ ఫోను తీసి అతని ముక్కు కింద పెట్టాడు. "ఫార్వర్డ్ చేస్తే పైన 'ఫార్వర్డెడ్' అని పడతది. ఇక్కడ ఉన్నదా? లేదు. ఇది నీ గ్యాలరీ లోంచి, నీ చేతితోని పెట్టింది. అంచులు కత్తిరించి మరీ పెట్టినవ్. చెప్పు, ఎవరిచ్చిన్రు?"

సదానందం పట్టు విడవలేదు. అరిచినా, బెదిరించినా, టీ ఇప్పించినా లాభం లేకపోయింది. యాదికి లేదు. అదే మాట.

సారంగపాణి తిరుగు దారి పట్టాడు. ఆఫీసు చేరాక ఫొటోను కంప్యూటర్ తెర మీద పెద్దది చేశాడు. మచ్చను చూశాడు. పచ్చబొట్టు చూశాడు. మూడు రోజులుగా అందరూ చూస్తున్నది ఆ రెండింటినే. విసుగొచ్చి అంచులకు జరిగాడు.

ఎర్ర మరకలో సన్నగా ఏదో మెరుస్తోంది.

"సౌమ్యా, ఇటు రా. నువ్వు సినిమా హాల్ల తెరను ఫోన్‌తోని ఫొటో తీస్తే ఎట్లొస్తది?"

"తెర ఒక్కటే వెలుగుతది సార్. చుట్టూ నల్లగ ఉంటది."

"మరి ఇది చూడు."

సౌమ్య చూసింది. తెర అంచు అవతల గోడ కనబడుతోంది. గోడ రంగు కూడా కనబడుతోంది.

"రాంప్రసాద్‌కు ఫోన్ కొట్టు," అన్నాడు సారంగపాణి. "రేపు పదింటికి ఆ హాలు తెరిపియ్యమను. అందర్నీ రమ్మను. సదానందాన్ని మనమే తీసుకొద్దాం."

*

శుక్రవారం. హోటల్ రెండో అంతస్తులో సెమినార్ హాలు. స్నేహలత ముందు వరసలో కూర్చుంది. హరికృష్ణ, మధు, రాంప్రసాద్ తలా ఒక మూల ఉన్నారు. సదానందం సౌమ్య పక్కన నిలబడ్డాడు.

"స్లయిడ్లు తెచ్చిన," అంటూ స్నేహలత పెన్ డ్రైవ్ తీసింది. "ఆరోది పెట్టమంటరా?"

"వద్దు మేడం. ఆ చెయ్యిని మళ్ళీ ఈ హాల్ల పెట్టొద్దు. ఏదన్న పూల బొమ్మ పెట్టుండ్రి."

తెర మీదికి బంతిపూలు వచ్చాయి.

"లైట్లు ఆర్పుండ్రి."

చీకటి. సారంగపాణి ఫోనుతో ఒక ఫొటో తీశాడు. లైట్లు వేయించి ఇంకొకటి తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి అందరికీ తిప్పి చూపించాడు. మొదటి దానిలో పూలు మండిపోతున్నాయి, చుట్టూ నలుపు. రెండో దానిలో పూలు వెలిసిపోయాయి, పక్కన గోడ కనబడుతోంది.

"ఊరి గ్రూపుల పడ్డ ఫొటో వెలిసిపోయి ఉన్నది. గోడ కనబడతాంది. అంటే మేడం మాట్లాడేటప్పుడు, లైట్లు ఆర్పినప్పుడు తీసింది కాదు. మీరెవ్వరూ అప్పుడు తియ్యలేదు. అందరూ నిజమే చెప్పిన్రు. నేనే తప్పు టైమును పట్టుకొని మిమ్ములను రాపాడిన."

"లైట్లు వేసింది ఎప్పుడు?" అని తనే అడిగి, రాంప్రసాద్ వైపు చూశాడు.

"బెల్లు కొట్టినంక సార్. సన్మానానికి."

"ఏం సన్మానం?"

"మాట్లాడిన ప్రతి డాక్టర్‌కు శాలువ కప్పి మెమెంటో ఇచ్చినం. ఎప్పుడూ ఇచ్చేదే కద."

"అప్పుడు తెర మీద ఏమున్నది?"

రాంప్రసాద్ తల గోక్కున్నాడు. జవాబు హరికృష్ణ నుంచి వచ్చింది.

"ఆరో స్లయిడు. నేనే వెనక్కి తిప్పించాను. జవాబు మధ్యలో బెల్లు కొట్టారు. శాలువా పట్టుకొని వచ్చేశారు. దాన్ని ఎవరూ మార్చలేదు."

"శాలువ ఏం రంగు?"

"మెరూన్," అన్నాడు రాంప్రసాద్. "జరీ అంచు."

సారంగపాణి ఫొటో ఎడమ అంచును పెద్దది చేసి చూపించాడు. "వేలు అడ్డమొచ్చిందనుకున్న. వేలికి జరీ ఉండదు."

అతను మధు వైపు తిరిగాడు.

"ఫొటోగ్రాఫర్ ఫొటోలల్ల ఫ్లాష్ పడి తెర తెల్లగయింది. ఫ్లాష్ లేకుండ, కింది నుంచి, వాలుగ ఇంకొకరు తీసిన్రు. మధూ, నిన్న నువ్వొక మాట అన్నవ్. నా ఫోన్ అయితే పట్టుకోలే అన్నవ్. మరెవరి ఫోన్ పట్టుకున్నవ్?"

మధు స్నేహలత వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

"మేడందే సార్. స్టేజీ ఎక్కే ముందల నా చేతికిచ్చి ఒక మంచి ఫొటో తియ్యి మధూ అన్నది. తీసిన. తిరిగిచ్చేసిన."

స్నేహలత అప్పటికే ఫోను తెరిచి వెతుకుతోంది. ఒక చోట ఆగింది. ఆ ఫొటోలో ఆమె మెరూన్ శాలువాతో, చేతిలో మెమెంటోతో నవ్వుతోంది. చాలా అందంగా వచ్చింది. ఆమె భుజం వెనక తెర నిండా సుగుణ చెయ్యి.

"నేను చూడనే లేదు," అంది. "నన్ను నేనే చూసుకున్న. వెనక చూడలేదు."

"ఎక్కడ పెట్టిన్రు మేడం?"

"ఎక్కడా పెట్టలేదు! ఫేస్‌బుక్‌లో లేదు, ఇన్‌స్టాలో లేదు, ఏ గ్రూపులో పెట్టలేదు. సోషల్ మీడియాలో పెట్టొద్దని అందరికీ చెప్పినదాన్ని, నేనే ఎందుకు పెడత? ఊరికె స్టేటస్ పెట్టిన. అంతే. స్టేటస్సే కదా, మర్నాటికి పోతది."

అన్నాక ఆ మాట ఆమెకే వినబడింది.

"ఏ నంబరు మీద?"

"ఉన్నదే ఒక్క నంబరు. క్లినిక్ నంబరు."

"అపాయింట్‌మెంట్ కోసం పేషెంట్లందరు దాచుకునే నంబరు. మీ రిసెప్షన్ అమ్మాయి గూడ వాళ్ళందరివి సేవ్ చేస్తది. చేస్తదా లేదా?"

"చేస్తది."

"ఒకసారి ఇయ్యుండ్రి."

ఆమె ఫోను తీసుకుని 'సదానందం' అని కొట్టాడు. పేరు వచ్చింది. పక్కనే ఊరు, ఊరి పక్కనే అతని రోగం. గుర్తు కోసం రిసెప్షన్‌లో అలా రాసుకుంటారట. ప్రతి పేషెంటుకూ అంతే. సారంగపాణికి తల తిరిగింది. ఈ మనుషులు ఫొటోలకు అడ్డగీతలు గీస్తారు, ఇదేమో ఇలా పెట్టుకుంటారు.

అతను చదవబోయాడు. "సదానందం, ఘన్‌పూర్, ..."

"సార్!" సదానందం ఒక్క అంగలో ముందుకొచ్చాడు. చేతులు జోడించాడు. "అది చదవకుర్రి సార్. మీ కాళ్ళు మొక్కుత. ఇంతమందిల చదవకుర్రి."

సారంగపాణి ఫోను మూసేశాడు.

"చదవను. నీది ఎవ్వరికీ చెప్పను. ఇప్పుడు చెప్పు."

సదానందం జోడించిన చేతులు దించలేదు. "ఆదివారం రాత్రి మేడం స్టేటస్ చూసిన. ఎనుక చెయ్యి కనబడ్డది. పెద్దగ చేస్తె సాంబయ్య పేరున్నది. స్క్రీన్‌షాట్ కొట్టి, మేడంను తీసేసి చెయ్యి ఒక్కటి ఉంచిన. పిల్లల మంచికే అనుకున్న సార్."

"మేడంను ఎందుకు తీసేసినవ్?"

"మేడం మొఖం పెడితే బాగుండదు కద సార్. పెద్ద మనిషి."

స్నేహలత రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

*

ఆ మధ్యాహ్నమే కొత్తవాడలో ఆమె సుగుణ ముందు కూర్చుని అంతా తన నోటితోనే చెప్పింది. ఒక్కటి కూడా దాచలేదు. సుగుణ విన్నది. ఆ ఫొటో మొత్తం చూపించమంది. చూసింది. చాలాసేపు చూసింది. తిరిగి ఇచ్చేసింది.

"నువ్వేననుకోలే అమ్మా," అంది. "ఇంకెవ్వలైనా నేను ఓర్సుకుందును."

స్నేహలత ఏడ్చింది. "నేను వీడియో పెడత సుగుణా. తప్పు నాదే అని, ఈ రోగం తగ్గినాక ఎవ్వరికీ అంటదని అంటే... అంటుకోదని, అందరికీ చెప్త."

"ఎవ్వలికి చెప్తవు? అది చూసినోళ్ళందరికి మళ్ళ నేనే యాదికొస్త. నన్ను ఇగ యాడ పెట్టకు."

సారంగపాణి గొంతు సవరించుకున్నాడు. "కేసు పెడదామమ్మా. సదానందం మీద పెడదాం. మేడం మీద పెట్టాలంటే అది గూడ రాసుకుంట."

"కేసు పెడితే ఆ ఫొటో కోర్టుల చూపిస్తరా సార్?"

"చూపించాలె."

"వకీళ్ళు చూస్తరా?"

"చూస్తరు."

"మీ స్టేషన్ల?"

సారంగపాణి సౌమ్య వైపు చూశాడు. ఇప్పటికే అతని కంప్యూటర్‌లో, సౌమ్య ఫోన్‌లో, లోకల్ స్టేషన్ గ్రూపులో ఆ చెయ్యి ఉంది. విచారణ కోసమే. అందరూ దేనికోసమో ఒకదానికోసమే పెట్టుకున్నారు.

"అయితే వద్దు," అంది సుగుణ. "నా పొయ్యి నాకు ఇప్పియ్యుండ్రి. అమ్మా, సోమవారం నువ్వు రావాలె. పిల్లల నడుమ కూసోని నేను వండింది తినాలె. అంతకంటె నాకేం వద్దు."

*

సోమవారం మధ్యాహ్నం బడి వరండాలో స్నేహలత పిల్లల వరసలో కింద కూర్చుంది. సారంగపాణి, సౌమ్య కూడా కూర్చున్నారు. సదానందం గేటు దగ్గర ఆడవాళ్ళ వెనక నిలబడ్డాడు. అతను గ్రూపులో ఫొటో తీసేశాడు, తప్పైందని రాశాడు. అప్పటికే అది ఎన్ని ఫోన్లలో దిగిందో ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. సారంగపాణికి ఆ కోపం ఇంకా తగ్గలేదు.

సగం మంది పిల్లలే పళ్ళేలు పట్టుకొచ్చారు. మిగతా సగం గేటు అవతల తల్లుల కొంగులు పట్టుకుని చూస్తున్నారు.

సుగుణ అన్నం వడ్డించింది. పప్పు వేసింది. జాకెట్ చేతులు మోచేతి పైదాకా మడిచి ఉన్నాయి.

స్నేహలత కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోయింది. హెడ్మాస్టర్ గబగబా ముందుకొచ్చి ఫోను ఎత్తాడు.

"మేడం, ఒక్క నిమిషం. సుగుణమ్మా, నువ్వు కూడా జర పక్కకొచ్చి నిలబడు. డాక్టరమ్మనే తింటాంది అని ఊరి గ్రూపుల పెడితే, అందరి భయం ఒక్క దెబ్బకు పోతది."

స్నేహలత చెయ్యి గాలిలోనే ఆగింది. ఆమె హెడ్మాస్టర్‌కు ఏమీ చెప్పలేదు. సుగుణ వైపు చూసింది. సారంగపాణీ అటే చూశాడు. గేటు దగ్గరి వాళ్ళూ అటే చూశారు.

సుగుణకు ఒక క్షణం అర్థం కాలేదు. వాళ్ళంతా తన జవాబు కోసం ఆగారని తరవాత అర్థమైంది.

"వద్దు సార్."

"నీ మంచికే కదమ్మా..."

"మంచికైనా వద్దు."

హెడ్మాస్టర్ అటూ ఇటూ చూశాడు. ఎవరూ అతని వైపు మాట్లాడలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. సుగుణ పప్పు గిన్నె ఎత్తుకుని తరవాతి పిల్ల దగ్గరకు వెళ్ళింది.